నీళ్లలోకి దిగిన రోడ్డు

బస్సు మలుపు తిరిగేసరికి కిటికీ అవతల ఆకాశం నేలకు దిగినట్టు కనిపించింది. ద్రౌపది మొదట అది ఎండకు మెరుస్తున్న చవుడు నేల అనుకుంది. కాసేపటికి దాని మీద చీమంత పడవ ఒకటి కదిలింది. అప్పుడు గాని అదంతా నీళ్లని తెలియలేదు. అవతలి ఒడ్డు ఎక్కడుందో ఎంత చూసినా కంటికి ఆనలేదు.

పక్కన భర్త అంబాదాస్ ముందు సీటు కడ్డీని రెండు చేతులతో పట్టుకుని రెప్ప వేయకుండా చూస్తున్నాడు.

ఇదేనా అని అడిగింది. ఇదే ఉజనీ అన్నాడు.

మర్నాడు పొద్దున ఆ నీళ్లలో అంబాదాస్ ఈదాలి. ఎనభై తొమ్మిదో సంవత్సరం, దీపావళి వెళ్లిన రెండు వారాలకు, పుణె క్లబ్బువాళ్లు ఒక పోటీ పెట్టారు. ముందు ఉజనీ డ్యాములో మూడు కిలోమీటర్ల ఈత. ఒడ్డెక్కి సైకిల్ తీసుకుని షోలాపూర్ దాకా తొక్కాలి. అక్కడ సైకిల్ వదిలేసి ఊరి చుట్టూ ఇరవై కిలోమీటర్లు పరుగెత్తాలి. ఇవన్నీ ఒక్క మనిషే, ఒకదాని వెంట ఒకటి, ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగకుండా చేయాలి. ట్రైఅథ్లాన్ అన్న పేరు షోలాపూర్‌లో వాళ్లుండే తెలుగువాళ్ల పేట దాజీ పేట్‌లో ఎవరికీ నోరు తిరగలేదు. అందరూ దాన్ని మూడాటల పందెం అన్నారు.

ఆ సంగతి మోసుకొచ్చినవాడు సిద్ధరాములు. అంబాదాస్‌తో కలిసి గోలీలాడిన స్నేహితుడు, పేట మూల మీద సైకిళ్లు బాగుచేసే దుకాణం వాడిది. వ్యాయామశాల గోడకు అంటించిన కాగితం చదివి నేరుగా ఇంటికొచ్చాడు. అంబాదాస్ పవర్‌లూమ్ కార్ఖానాలో చద్దర్లు నేస్తాడు, రోజంతా నిలబడే ఉంటాడు కాబట్టి కాళ్ల సంగతి అడగనక్కర లేదన్నాడు. పెళ్లికి ముందు చద్దర్ల మూట వెనక కట్టుకుని అక్కల్‌కోట్ సంతకూ తుల్జాపూర్ సంతకూ సైకిల్ తొక్కినవాడే కదా అన్నాడు. ఇక ఈతంటావా, కరెంటు ఇవ్వని సెలవు రోజున ఊరి బయట మామిడితోట బావిలో దిగితే తోటమాలి వచ్చి బతిమాలినా పైకి రాడు కదా అన్నాడు. అంబాదాస్ మొదట నవ్వాడు. మూడో రోజు తెల్లవారకముందే లేచి అక్కల్‌కోట్ రోడ్డు మీద పరుగెత్తడానికి వెళ్లాడు.

వానాకాలమంతా అలాగే గడిచింది. ద్రౌపది బీడీల చాట ముందేసుకుని గడపలో కూర్చునేసరికి అతను చెమటతో తిరిగొచ్చి, ఇంత తిని కార్ఖానాకు పోయేవాడు. పక్కింటివాళ్లు అడిగితే ఏం చెప్పాలో ఆమెకు తెలిసేది కాదు. పదకొండేళ్ల కాపురంలో అతను ఈదడం ఆమె ఒక్కసారీ చూడలేదు. మగవాళ్లు దిగే బావి దగ్గరికి ఆడవాళ్లు పోరు.

బయల్దేరే ముందురోజు సిద్ధరాములు సైకిల్‌ను విప్పి దుకాణం ముందు పరిచాడు. మడ్‌గార్డులు తీసేశాడు, క్యారియర్ తీసేశాడు, స్టాండు తీసేశాడు, చివరికి గంట కూడా ఊడదీశాడు. ఈకలు పీకిన కోడిలా ఉందని ద్రౌపది అంటే, బరువు తగ్గితే చాలు, అందంతో పనేముంది వహినీ అన్నాడు; వదినను వాడు మరాఠీలోనే పిలిచేవాడు. ఆమె తన వంతుగా జొన్నరొట్టెలు పెళుసుగా కాల్చి గుడ్డలో చుట్టింది. పల్లికారం దంచింది. బెల్లం, నిమ్మకాయలు, అరటిపండ్లు, ఉప్పు పొట్లం సంచిలో సర్దింది. పోటీలో దిగే ప్రతి మనిషికీ ఒడ్డున సైకిల్ దగ్గర ఒకరు ఉండాలని క్లబ్బువాళ్లు చెప్పారు. సిద్ధరాములు దారిలో మోహోళ్ దగ్గర గాలి పంపు పట్టుకుని నిలబడాలి. అందుకని పిల్లలను అత్త చంద్రభాగ దగ్గర వదిలి ద్రౌపదే వచ్చింది.

ఒడ్డున డేరాలు వేశారు. వాటి ముందు నిలబెట్టిన సైకిళ్లను చూసి ద్రౌపది ఆగిపోయింది. సన్నటి చక్రాలు, మేక కొమ్ముల్లా వంగిన హ్యాండిళ్లు. మిలిటరీ నుంచి వచ్చినవాళ్లు, కాలేజీ పిల్లలు, పుణె నుంచి ఇద్దరు ఆడపిల్లలు కూడా ఉన్నారు. వాళ్లెవరూ అంబాదాస్‌ను చిన్నచూపు చూడలేదు. ఒక హవల్దార్ వచ్చి, బస్సు టాపు మీద తెచ్చిన అంబాదాస్ నల్ల సైకిల్ టైరు నొక్కి చూసి, గాలి బాగా కొట్టారని మెచ్చుకున్నాడు. దూరంగా నీళ్ల మధ్య ఎర్రజెండా కట్టిన పడవ ఒకటి లంగరు వేసి ఉంది. దాన్ని చుట్టి రావాలన్నారు. సాయంత్రం వెలుగున్నంతసేపు ఎవరైనా దిగి నీళ్లు అలవాటు చేసుకోవచ్చన్నారు.

అంబాదాస్ చొక్కా విప్పి ఆమె చేతికిచ్చి దిగాడు. మొదట బాగానే పోయాడు. ఒడ్డు నుంచి కొంత దూరం వెళ్లాక ఎందుకో ఆగాడు. తల అటూ ఇటూ తిప్పాడు. ఒక చెయ్యి పక్కకు చాచి, చీకట్లో స్తంభాన్ని వెతికే మనిషిలా నీళ్లను తడిమాడు. మునిగి లేచాడు. కాపలా పడవలోని మనిషి తెడ్డు అందించబోతే వద్దని, తల పైకెత్తుకుని కుక్క ఈదినట్టు ఈదుతూ వెనక్కి వచ్చేశాడు.

ద్రౌపది చద్దరు కప్పింది. అతను దాన్ని గట్టిగా చుట్టుకుని నీళ్ల వైపు వీపు పెట్టి కూర్చున్నాడు.

"గోడ లేదే ద్రౌపదీ" అన్నాడు. "బావిల ఎటు పోయినా నాలుగు చేతులేస్తే గోడ తగుల్తది. ఈడ కిందికి చూస్తే పచ్చటి చీకటి. దానికి అడుగే లేదు. నాతోని కాదు."

నిజం చెప్పాలంటే ఆమెకు మనసులో ఒక మూల హాయిగా అనిపించింది. అంత నీళ్లను చూసినప్పటి నుంచి ఆమె కూడా ఇంటి దారే తలుచుకుంటోంది. వద్దనుకుంటే వద్దు, ఆఖరి బస్సు ఎప్పుడుందో కనుక్కుంటాను, సంచి తీసుకుని పోదాం అంది. అతను తల ఊపాడు.

సంచి యమునాబాయి ఇంట్లో ఉంది. బయటినుంచి వచ్చినవాళ్లలో కొందరిని క్లబ్బువాళ్లు ఆ ఊరి ఇళ్లలో ఉంచారు. వీళ్లకు దొరికింది ఆ ముసలామె ఇల్లు. అరవై దాటిన మనిషి, తొమ్మిది గజాల చీర, మెడలో నల్లపూసలు లేవు. కొడుకులు చేపలు పడతారు. ఆమె ముంగిట్లో చేపలు ఆరబెట్టుకుంటోంది. ద్రౌపదికి బీడీ కంపెనీ పుణ్యమా అని మరాఠీ తెలుగంత బాగా వచ్చు. మావశీ అంటూ పిన్నిని పిలిచినట్టు పిలిచి, మేం పోతున్నాం అని చెప్పింది. ఎందుకని అడిగితే దాచలేదు. గోడ లేదంటున్నాడు, అడుగు లేదంటున్నాడు అని చెప్పింది.

యమునాబాయి చేతులు కడుక్కుని కొంగుకు తుడుచుకుంది. నీ మొగుణ్ణి కూడా పిలు, పోయేవాళ్లు ఒకటి చూసి పోండి అంది.

ఇంటి వెనక నుంచి తుమ్మచెట్ల మధ్యగా నడిపించింది. అక్కడ ఒక రోడ్డు ఉంది. మామూలు బండిబాట కాదు, రెండు లారీలు ఎదురుబొదురుగా పోయేంత తారు రోడ్డు. అటూ ఇటూ పెద్ద చింతచెట్లు, మొదళ్లకు వేసిన సున్నం గుర్తులు ఇంకా పోలేదు. కాని దాని మీద చక్రం గుర్తన్నది లేదు. తారు పగుళ్లలో గడ్డి మొలిచింది. ఆ రోడ్డు కొంచెం కొంచెంగా పల్లానికి దిగుతూ, ఎక్కడా ఆగకుండా, వంగకుండా, నేరుగా నీళ్లలోకి పోయింది. ఒక కిలోమీటరు రాయి సగం బయట, సగం నీళ్లలో నిలబడి ఉంది. ఆ తర్వాతి చింతచెట్టు నడుము లోతులో, ఆ తర్వాతిది కొమ్మల దాకా మునిగి, ఆకు లేకుండా ఉంది. ఆ పైన నీళ్లే.

అంబాదాస్ చద్దరు జారిపోతున్నా చూసుకోలేదు.

పాత పుణె రోడ్డు అదేనని యమునాబాయి చెప్పింది. డ్యాం కట్టాక కొత్త రోడ్డు పైనుంచి వేశారు. ఈ రోడ్డు నీళ్ల కింద ఇప్పటికీ అలాగే ఉంది. మీ ఎర్రజెండా పడవ నిలబడ్డ చోట రోడ్డుకు కుడిచేతి పక్క మా ఊరు ఉండేదని చెయ్యి చాచి చూపించింది. అటు చావడి, ఇటు కళ్లం, వాగు వైపు తన పొలం అని ఒక్కొక్కటీ వేలితో నాటింది. అక్కడ నీళ్లు తప్ప ఏమీ లేవు. అయినా ఆ వేలు ఎక్కడా తడబడలేదు.

నీళ్లు ఒక్కసారిగా మీద పడ్డాయా అని ద్రౌపది అడిగింది.

"లేదు పిల్లా. ముందు బావులు నిండినాయి" అంది యమునాబాయి. "వాన లేదు, వరద లేదు. డ్యాము ఆపిన ఏరు ఇంకా మైలు దూరంలోనే ఉంది. కాపురానికి వచ్చినప్పటి నుంచి మా బావిలో మోకు అంతా వదిలితే గాని కడవ మునగలేదు. ఆ రోజు పొద్దున పోతే నీళ్లు సగానికొచ్చినాయి. మర్నాడు గట్టు దాకా వచ్చినాయి. వంగి చేత్తో ముంచుకున్నాను. ఊరంతా వచ్చి చుట్టూ నిలబడ్డది. ఒక్కరూ ఏడ్వలేదు. ఎట్లా ఏడుస్తారు, మేం మొక్కుకున్నదే నీళ్ల కోసం."

మునిగిన చెట్టు కొమ్మ మీద ఒక నీటికాకి రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటోంది.

తర్వాత యమునాబాయి అంబాదాస్ వైపు తిరిగింది. కింద అడుగు లేదన్నావట, ఉంది నాయనా, తారు రోడ్డే ఉంది అంది. మేమంతా బండ్లు కట్టుకుని సంతకు పోయిన దారే అది, నడుచుకుంటూ దిగు, కాళ్లకు అందినంత దూరం నడువు, ఆ తర్వాత నీకు తెలిసిన పని నువ్వు చెయ్యి అంది.

అంబాదాస్ చద్దరు తీసి ద్రౌపదికిచ్చాడు. రోడ్డు మధ్యలో నడిచి నీళ్లలోకి దిగాడు. ద్రౌపది కూడా చీర పైకెత్తి పట్టుకుని మోకాలి లోతు దాకా వెంట నడిచింది. అరికాళ్లకు పాకుడు తగిలింది, దాని కింద గరుకుగా తారు తగిలింది. అంతటితో ఆమె నిలబడిపోయింది. అతను పోతూనే ఉన్నాడు. నడుము, రొమ్ము, మెడ. చివరి అడుగెప్పుడు వేశాడో ఆమె పట్టుకోలేకపోయింది. నడక ఉన్నట్టుండి ఈత అయింది.

అతను భయం లేకుండా ఈదడం ఆమె చూడటం అదే మొదలు. భుజం మెల్లగా తిరిగేది, చెయ్యి చప్పుడు చేయకుండా నీళ్లలోకి జారేది, వెనక సన్నటి గీత విడిపోతూ ఉండేది. అంత పెద్ద నీటి మీద అతను తొందర లేకుండా, రెండు వరసల చెట్ల నడుమ, ఎవరో గీసి ఇచ్చిన గీత మీద పోయినట్టు పోతున్నాడు. ఇంట్లో తలుపు గడియ బాగుచేయమని నెల రోజుల నుంచి తను సణుగుతున్నది ఈ మనిషి మీదేనా అనిపించింది. నమస్కారం పెట్టాలనిపించింది గాని, నీళ్లకు పెట్టాలో అతనికి పెట్టాలో తేలలేదు.

వెనక గట్టు మీదున్న యమునాబాయి అంది, "మా దారిన మనిషి పోవడం చూసి ఎన్నేళ్లయిందో."

అతను వెనక్కి వచ్చేసరికి పొద్దు గుంకింది. బస్సు సంగతి ఎవరూ ఎత్తలేదు.

తెల్లవారుజామున నీళ్ల మీద మంచు పొగలా నిలిచింది. డేరాల దగ్గర అందరి జబ్బల మీదా మార్కర్ పెన్నుతో నెంబరు వేస్తున్నారు, తలకు పసుపురంగు రబ్బరు టోపీలు పెడుతున్నారు. అంబాదాస్ రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని మింగలేక చేతిలోకి తీసుకున్నాడు. నిక్కరు నాడా ముడి వేసుకోబోతే వేళ్లు ఆడలేదు. ద్రౌపది వంగి తనే ముడి వేసింది. తలెత్తి చూస్తే చుట్టూ అదే పరిస్థితి. టైరు మెచ్చుకున్న హవల్దార్ డేరా వెనక్కి పోయి వస్తున్నాడు, మళ్లీ పోతున్నాడు. పుణె పిల్లల్లో ఒకామె తుమ్మచెట్టు పట్టుకుని వాంతి చేసుకుంటుంటే రెండో ఆమె వీపు రాస్తోంది. ఇంతింత దేహాలు, ఇంతింత సాధన ఉన్నవాళ్లు కూడా ఆ నీళ్ల ముందు చిన్నపిల్లల్లా అయిపోవడం చూసి ద్రౌపదికి ధైర్యం వచ్చింది. అయినా సైకిల్ టైరు ఆమె ఎన్నిసార్లు నొక్కి చూసిందో లెక్కలేదు.

అంబాదాస్ నీళ్ల వైపు చూస్తూ మెల్లగా అడిగాడు. "కిందికి చూడకుంట పోతే అయితది గద?"

"చూడు" అంది ద్రౌపది. "కింద ఊరున్నదట గద. మనుషులు తిరిగిన జాగానే. భయమెందుకు?"

అతను ఆమె ముఖంలోకి ఒకసారి చూసి, క్లబ్బువాళ్లిచ్చిన ఈత కళ్లద్దాలు దించుకుని పోయి వరసలో నిలబడ్డాడు.

ఈల మోగింది. వరసంతా ఒక్కసారి నీళ్లలో పడింది. చేతులు, కాళ్లు, నురుగు తప్ప ఏమీ కనపడలేదు. ఆ మోతకు పక్కనున్న లోతు తక్కువ మడుగులోంచి పక్షులు లేచాయి. తెల్లటి కొంగలే అనుకుంది ద్రౌపది. అవి రెక్కలు విప్పేసరికి లోపలి పక్క గులాబీ రంగు. ఒకటి కాదు, పది కాదు, మడుగు మడుగంతా లేచింది. అప్పుడే పొడిచిన ఎండ వాటి మీద పడి ఆకాశం సగం ఎర్రబడింది. ఒడ్డునున్న వాళ్లందరూ పందెం మరిచి తలలెత్తి నిలబడ్డారు. అవి ఒక్క చుట్టు తిరిగి అవతలి వైపుకు పోయేసరికి నీళ్లు మళ్లీ నున్నగా అయ్యాయి. పసుపు టోపీలు మినపగింజలంతై, మంచులో కలిసిపోయాయి.

ఆ తర్వాతి ఎదురుచూపు లాంటిది ఆమె ఎప్పుడూ ఎరగదు. రెండు కాన్పుల్లో కూడా అంత నిశ్శబ్దం లేదు. నిమ్మకాయ కోసింది, ఉప్పు కలిపింది, బూట్లలో ఇసుక దులిపింది, మళ్లీ దులిపింది. ఎర్రజెండా వైపు చూడకూడదనుకుంటూ అటే చూసింది. పడవవాళ్లు ఒకరిని తీసుకొచ్చారు. లేచి పడవ వైపు పరుగెత్తబోయింది గాని ఆ మనిషి వేరు, కాలు పట్టేసిన కాలేజీ కుర్రాడు.

మొదట హవల్దార్ వచ్చాడు. తర్వాత ఇద్దరు, ముగ్గురు. అందరి తలలూ ఒకేలా ఉన్నాయి, అందరి చేతులూ నీళ్లను కొడుతున్నాయి. అప్పుడు కొంచెం ఎడంగా, చప్పుడు లేకుండా నీళ్లలోకి జారే చెయ్యి ఒకటి కనిపించింది. నెంబరు కనపడక ముందే ద్రౌపది సంచి వదిలేసి నీళ్లలోకి పరుగెత్తింది.

అతని పెదాలు నీలంగా ఉన్నాయి. ఏదో చెప్పబోయాడు గాని పళ్లు టకటక కొట్టుకున్నాయి. ఆమె బెల్లం ముక్క నోట్లో పెట్టింది, తువ్వాలుతో వీపు గట్టిగా రుద్దింది, తడి కాళ్లకు కాన్వాసు బూట్లు తొడిగి ముడి వేసింది. నల్ల సైకిల్ ఎక్కి అతను కొత్త రోడ్డు వైపు తొక్కుకుంటూ పోయాడు.

పోటీలో దిగినవాళ్లకు తోడు వచ్చినవాళ్లను క్లబ్బువాళ్లు లారీలో ఎక్కించారు. పోయే ముందు ద్రౌపది యమునాబాయి కాళ్లకు మొక్కింది. కొడుకు వలలో పడ్డ చేపలను బుట్టలో వేస్తున్న ఆమె, మీ అత్తకు రుచి చూపించు అని ఎండుచేపల పొట్లం ఒకటి చేతిలో పెట్టింది. దారిలో లారీ అంబాదాస్‌ను దాటింది. వంగి, తల దించుకుని, అక్కల్‌కోట్ సంతకు పోయేవాడిలాగే తొక్కుతున్నాడు. మోహోళ్ దగ్గర టైరు పంక్చరైందని, సిద్ధరాములు రోడ్డు పక్కనే కూర్చోబెట్టి కళ్లు మూసి తెరిచేలోగా కొత్త ట్యూబు వేశాడని తర్వాత తెలిసింది.

షోలాపూర్‌లో మధ్యాహ్నపు ఎండ నడినెత్తిన ఉంది. మైదానంలో పందెం ముగిసే తాడు కట్టిన చోట ద్రౌపది నిలబడింది. హవల్దారే గెలిచాడు. మెడలో దండ వేశారు. ఆ తర్వాత ఒక్కొక్కరు వస్తూ ఉన్నారు. అంబాదాస్ ముందున్న వాళ్లలోనూ లేడు, చివరి వాళ్లలోనూ లేడు. దుమ్ము కొట్టుకుపోయి, ఒక కాలు కొద్దిగా ఈడుస్తూ గేటులోంచి వచ్చాడు. పేట నుంచి వచ్చినవాళ్లు పేరు పెట్టి కేకలేశారు. ద్రౌపదికి పిలవాలనిపించలేదు. పొద్దుట్నుంచి ఎన్ని నేలలు, ఎన్ని నీళ్లు దాటి వచ్చాడో ఆ మనిషి. అతను తనంతట తాను వచ్చి చేరేదాకా చూస్తూ నిలబడటమే సరైనదనిపించింది.

తాడు దాటి వచ్చి ఆమె పక్కనే నేల మీద కూలబడ్డాడు. నీళ్లియ్యి అన్నాడు. ఇచ్చింది. చుట్టూ జనం మూగి సైకిల్ ఎట్లా పోయింది, బొబ్బలెక్కినాయా అని అడుగుతున్నారు. అతను వాళ్లకు ఏదో ఒకటి జవాబు చెబుతున్నాడు గాని చూపు మాత్రం ఎక్కడో ఉంది.

జనం కాస్త పలచబడ్డాక ఆమె వైపు వంగి, ఇంకెవరికీ వినపడకుండా అన్నాడు.

"జెండా దగ్గర మర్లినప్పుడు నీళ్లలకు ఎండ దిగింది. కిందికి చూసిన. ఒక చెట్టు ఉండె ద్రౌపదీ. ఆకుల్లేవు, కొమ్మలన్ని అట్లనే ఉన్నయ్. దాని సందులల్ల చేపలు తిరుగుతున్నయ్. నేను దాని మీదికెల్లి పోయిన."

ద్రౌపది అతని పక్కన, ఎండలో, మట్టిలోనే కూర్చుంది. ఇంకోసారి చెప్పమంది.